జింకల బెడదకు రివాల్వర్ లైసెన్సులా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఇటీవల మీ పత్రిక లేఖల శీర్షికలో ఒక రైతు సోదరుడు తన గోడు వెళ్లబోసుకున్నారు. కృష్ణ జింకల మందలు మొలక దశలోనే వేరుశనగను, పప్పుశనగను కొరికేసి, మిగిలినదాన్ని తొక్కేసి పోతున్నాయని రాశారు. అమెరికాలో రివాల్వర్‌తోనే జింకలను వేటాడుతున్నారు కాబట్టి మన రైతులకూ రివాల్వర్ లైసెన్సులు ఇప్పించాలని, అక్కడివారిలాగే తూటాలు ఇంట్లో తయారు చేసుకునే వెసులుబాటు కల్పిస్తే ఖర్చు కూడా కలిసొస్తుందని సూచించారు. ఆయన బాధతో నాకు పేచీ లేదు. ఉరవకొండ, విడపనకల్లు, ఆలూరు వైపు చేలు చూసినవారెవరూ ఆ బాధను కాదనలేరు. పేచీ అంతా ఆయన అడిగిన మందుతోనే. సైన్యంలో ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) విభాగంలో ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా పనిచేసి వచ్చినవాణ్ని. పైగా అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో స్థిరపడిన మా మేనల్లుడు రివాల్వర్‌తో జింకల వేటకు వెళతాడు. అతని సరంజామా అంతా దగ్గరుండి చూశాను గనుక, ఆ వేట అసలు ఎలా సాగుతుందో, మన నల్లరేగడి చేలల్లో అది ఎందుకు పనికిరాదో రాయడం సబబనిపించింది.

ముందుగా ఆ రాష్ట్రం సంగతి. ఒహాయోలో చాలా భాగం చదునైన వ్యవసాయ భూమి. చేనుకూ చేనుకూ మధ్య ఇళ్లు, రోడ్లు, పశువుల కొట్టాలు ఉంటాయి. అందుకే అక్కడి ప్రభుత్వం జింకల వేటకు దూరం కొట్టే మామూలు రైఫిళ్లను అనుమతించదు. షాట్‌గన్, నిటారు గుల్ల తూటాలు (మందు నింపే ఇత్తడి గుల్ల పైదాకా ఒకే వెడల్పుతో ఉండేవి) పేల్చే రైఫిల్, రివాల్వర్ వంటివాటినే ఒప్పుకుంటుంది. ఆ నిటారు గుల్ల రైఫిళ్లకు కూడా 2014లో గానీ అనుమతి రాలేదు. రివాల్వర్ అయితే గొట్టం కనీసం 5 అంగుళాలు ఉండాలి, బోరు (సుమారుగా గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) .357కు తగ్గకూడదు. వేటగాడు నారింజ రంగు చొక్కా వేసుకోవాలి, మొదటిసారి లైసెన్సు తీసుకునేవాడు శిక్షణ తరగతి పూర్తి చేసి ఉండాలి. అంటే రివాల్వర్ మహాశక్తిమంతమైన ఆయుధమని అక్కడ దానికి చోటివ్వలేదు. అది తాకే దూరం తక్కువ, తూటా రైఫిల్ తూటా అంత దూరం పోదు అన్నదే దానికి అక్కడ దొరికిన యోగ్యతాపత్రం.

ఇక ఆయుధం విషయానికి వస్తే, రివాల్వర్ అనగానే మనవాళ్లకు పోలీసు నడుముకు వేలాడే చిన్న ఆయుధం గుర్తుకు వస్తుంది. వేటకు వాడేది అది కాదు. 1935లో .357 మ్యాగ్నమ్, ఆ తరువాత 1955లో .44 మ్యాగ్నమ్ అనే ఎక్కువ శక్తి గల తూటాలు వచ్చాయి. ఐడహో రాష్ట్రపు పశుపాలకుడు, ఆయుధాల రచయిత ఎల్మర్ కీత్ ఏళ్ల తరబడి పట్టుబట్టి, పాత .44 స్పెషల్ తూటాలను తానే గట్టిగా నింపి చూపించిన మీదటే స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీలు ఈ .44 మ్యాగ్నమ్‌ను తెచ్చాయి. దాని గుండు 240 గ్రెయిన్లు, అంటే పదిహేనున్నర గ్రాములు. మన దేశంలో సామాన్యుడికి లైసెన్సు మీద ఎక్కువగా దొరికేది ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు చేసే .32 బోరు రివాల్వర్. 2014లో కాన్పూరు నుంచి వచ్చిన నిర్భీక్ కూడా ఆ కోవలోదే, ధర లక్షకు పైమాటే. ఆ .32 గుండు .44 గుండులో సగం బరువు కూడా తూగదు, గొట్టం దాటేటప్పుడు దానికుండే శక్తి పదోవంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఒహాయో నిబంధన ప్రకారం చూస్తే మన లైసెన్సు రివాల్వర్‌తో జింక మీద పేల్చడమే నేరం. జంతువును గాయపరచి, అది ఎక్కడో ముళ్లకంపలో పడి నాలుగు రోజులకు చచ్చేలా చేయడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

సరైన బోరు దొరికిందనే అనుకుందాం, అయినా కొన్న రివాల్వర్‌ను కొన్నట్టుగా వేటకు తీసుకెళ్లరు. రైఫిల్‌కు తూటా కూర్చునే గది ఒక్కటే. రివాల్వర్‌లో గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గదీ తిరిగి వచ్చి గొట్టం ముందు నిలబడినప్పుడు రెండూ ఒకే వరుసలో ఉండాలి, వెంట్రుకవాసి పక్కకు ఉన్నా గుండు అంచు గీసుకుంటూ గొట్టంలోకి దూరుతుంది. మా మేనల్లుడు గదులకు పెన్సిలుతో అంకెలు వేసుకుని, ఒక్కొక్క గది నుంచి విడివిడిగా కాగితం మీద పేల్చి, ఏ గది గుండును పక్కకు విసురుతోందో గుర్తుపెట్టుకుంటాడు. అతని దానిలో ఒక గది అలాంటిదే, వేటకు వెళ్లినప్పుడు దాన్ని ఖాళీగా వదిలేస్తాడు. గది మూతి కొలత కూడా ముఖ్యమే. .44 గొట్టం గాడి కొలత 0.429 అంగుళం, గది మూతి దానికన్నా అంగుళంలో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతులు ఎక్కువ ఉండాలి. మూతి ఇరుకైతే సీసపు గుండు అక్కడ నలిగి సన్నబడుతుంది. గొట్టంలోకి వచ్చేసరికి వదులై, పక్కల నుంచి వేడి వాయువు తన్నుకొచ్చి సీసాన్ని కరిగించి గొట్టం లోపల పూస్తుంది. నాలుగు తూటాలు కాల్చేసరికి గురి చెడుతుంది. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు ఒక మిల్లీమీటరులో ఆరో వంతుకు మించకూడదు. ఆ సందు నుంచి వచ్చే మంట, సీసపు రవ్వ పక్కనున్న వేలిని చీల్చగలవు కాబట్టి రివాల్వర్‌ను రైఫిల్ పట్టినట్టు ముందు చెయ్యి ఆనించి పట్టుకోవడం కుదరదు.

ట్రిగ్గర్ సంగతి కూడా చెప్పాలి. తూటాను తట్టి పేల్చే వెనుక సుత్తిని లేపకుండా నేరుగా లాగితే ఐదు కిలోల వరకు బరువు మీద లాగాలి. అలా లాగుతూ చెయ్యి కదలకుండా ఉంచడం అందరివల్లా కాదు. అందుకే వేటలో సుత్తిని బొటనవేలితో ముందే వెనక్కి లేపి, కిలోన్నరకు తగ్గిన బరువుతో మెల్లగా వదులుతారు. ఇనుప గురి ముక్కలు యాభై దాటిన కళ్లకు మసకబారతాయి గనుక కొందరు చేయి చాపినంత దూరం నుంచి చూసేందుకు ప్రత్యేకంగా చేసిన దుర్భిణీ బిగిస్తారు, మరికొందరు గురి చోట ఎర్రటి చుక్క చూపే ఎర్రచుక్క అద్దం పెట్టుకుంటారు. నా మాట అడిగితే ఎర్రచుక్కే మేలు. దుర్భిణీలో కన్ను సరైన చోట ఆనకపోతే మొత్తం నల్లగా కనబడుతుంది, సందె చీకట్లో ఆ వెతుకులాటలోనే జింక వెళ్లిపోతుంది. ఏది బిగించినా మ్యాగ్నమ్ తన్నుకు మరలు వదులవుతాయి, కాబట్టి జిగురు వేసి బిగించి, సీజను మొదలయ్యే ముందు మళ్లీ సరిచూడాల్సిందే.

తూటా నింపుకోవడం గురించి మన సోదరుడు ఖర్చు కలిసొస్తుందని రాశారు. పేల్చిన ఇత్తడి గుల్లను పారేయకుండా మళ్లీ మళ్లీ నింపుకుంటారు కాబట్టి ఖర్చు కలిసిరావడం నిజమే. కానీ ఆ పనిచేసేవారు పైసల కోసం చేయరు. తన రివాల్వర్ ఏ గుండును, ఎంత తుపాకి మందును మెచ్చుతుందో వెతికి పట్టుకోవడమే అందులోని అసలు పని. మా మేనల్లుడి ఇంట్లో నేలమాళిగలో ఒక బల్ల, దానికి బిగించిన ప్రెస్సు, ఒక తక్కెడ ఉంటాయి. గ్రాములో పదిహేనో వంతుకు కాస్త తక్కువ ఉండే గ్రెయిను అనే కొలతలో, దానిలో కూడా పదో భాగం వరకు తూచి మందు పోస్తాడు. ముద్రించిన పట్టికలో ఉన్న కనిష్ఠం నుంచి మొదలుపెట్టి, గరిష్ఠాన్ని దాటకుండా మెట్టు మెట్టుగా పెంచుతాడు. .44 మ్యాగ్నమ్‌కు వాడే మందులు నెమ్మదిగా కాలే రకం. అవి గుల్లను నిండుగా నింపాలి. పొదుపు చేద్దామని వాటిలో కొన్నింటిని పట్టిక చెప్పినదానికన్నా తగ్గించి పోస్తే సరిగా అంటుకోక గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోతుంది, అది గమనించక రెండో తూటా పేల్చినవాడి చేతిలో గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది. వేగంగా కాలే మందు అయితే దీనికి ఎదురు ప్రమాదం. కొంచెమే పోయాలి కాబట్టి ఒకే గుల్లలో పొరపాటున రెండుసార్లు పోసినా పొర్లిపోదు, కంటికి ఆనదు. అందుకే గుండ్లు బిగించే ముందు యాభై గుల్లలను చెక్క పళ్లెంలో నిలబెట్టి, టార్చిలైటు పట్టి, మందు మట్టం అన్నింటిలో ఒక్కటిగా ఉందో లేదో ఒక్కొక్కదాన్నీ వంగి చూస్తాడు. ఆ సమయంలో ఫోను మోగినా ఎత్తడు, ఎవరైనా పలకరించినా పలకడు.

ఇందులో నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటి ఉంది. రివాల్వర్ గట్టిగా తన్నినప్పుడు, సిలిండర్‌లో ఇంకా పేలని తూటాల గుండ్లు తమ బరువుకు ముందుకు జారుతాయి. జారి సిలిండర్ మూతిని దాటితే అది గొట్టం వెనుక అంచుకు తగులుకుని ఇక తిరగదు. అందుకని గుల్ల అంచును గుండు చుట్టూ ఉన్న గాడిలోకి గట్టిగా మడిచి బిగిస్తారు. ఆ బిగింపు చాలిందో లేదో తెలుసుకోవడానికి ఆరో తూటా పొడవును ముందే కొలిచి రాసుకుని, మిగిలిన ఐదింటిని పేల్చి, ఆరోదాన్ని బయటికి తీసి మళ్లీ కొలుస్తారు. కొలత పెరిగితే ఆ నింపుడు మొత్తాన్ని పక్కన పెట్టేస్తారు. మన ఊళ్లలో నాటు తుపాకుల్లో పిడికిలి కొలతతో మందు కూరే పద్ధతి ఎరిగినవారికి ఈ పట్టింపు చాదస్తంలా కనిపించవచ్చు. కానీ ఆ పిడికిలి కొలత వల్ల చేతులు, కళ్లు పోగొట్టుకున్నవారు మన దగ్గర లేకపోలేదు.

ఇంత చేసినా ఆ రివాల్వర్‌తో ఎంత దూరం గురిగా కొట్టగలం? అక్కడి అనుభవజ్ఞుల్లో చాలామంది పెట్టుకునే హద్దు యాభై గజాలు. చేయి తిరిగినవారు వంద గజాల దాకా పోతారు. యాభై గజాలకు గురి సరిచేసుకుంటే వంద గజాల దగ్గర గుండు ఐదంగుళాలకు అటూ ఇటూగా కిందికి దిగిపోతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు కొలత చిన్న పళ్లెమంతే ఉంటుంది. రైఫిల్ గుండులా ఇది వేగంతో పని జరిపించదు, ముందు కాలు వెనుక సరైన చోట తగిలి, ఈ పక్క నుంచి ఆ పక్కకు దూసుకుపోతేనే పని అవుతుంది. తగిలాక కూడా జింక వంద గజాలు పరిగెత్తవచ్చు, వేటగాడు కొంతసేపు ఆగి నెత్తుటి జాడ వెంబడి వెతుక్కుంటూ పోవాలి. అందుకే వారు చెట్టు మీద మన మంచె వంటి పీట కట్టుకుని, జింక నడిచే దారి పక్కన గంటల తరబడి కూర్చుంటారు. అక్కడి తెల్లతోక జింక అడవి అంచున, సందె వేళ, ఒంటిగానో రెండు మూడు కలిసో, అలవాటైన దారిలోనే వస్తుంది. ముప్పై నలభై గజాల దగ్గరికి వచ్చాక పై నుంచి కిందికి పేలుస్తారు, గుండు దాటిపోయినా నేలలో దిగబడుతుంది.

మన కృష్ణ జింక తీరు ఇందుకు పూర్తిగా వేరు. అది చెట్ల మాటున మసలే జీవి కాదు. ఎటు చూసినా కనుచూపు మేర ఖాళీగా ఉండే మైదానమే దాని ఇల్లు. పదులు, వందల మందగా పట్టపగలే మేస్తుంది. మందలో ఏదో ఒక తల ఎప్పుడూ పైకెత్తే ఉంటుంది. మనిషి కనిపించగానే కదిలి, బెదిరితే గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దూకుతూ పోతుంది. యాభై గజాల దగ్గరికి రానిచ్చే సమస్యే లేదు. రానిచ్చినా, మంచె కట్టడానికి చెట్టు లేని నల్లరేగడిలో నేలమట్టానికి పేల్చిన గుండు గురి తప్పితే కిలోమీటరు దాటి పోగలదు. ఆ దూరంలో కలుపు తీసే ఆడవాళ్లుంటారు, గొర్రెల కాపరులుంటారు, బడికి పోయే పిల్లలుంటారు. ఒహాయో ప్రభుత్వం ఇళ్ల మధ్య చదును నేల అని భయపడి రైఫిల్‌ను కాదన్నదంటే, చెట్టు నీడ కూడా లేని మన చేలల్లో ఏ తుపాకినైనా ఒప్పుకునేందుకు ఎంత ఆలోచించాలో పాఠకులే ఊహించుకోవచ్చు.

చట్టం మాట క్లుప్తంగా చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణ జింక మొదటి షెడ్యూలులో ఉంది, పైగా అది మన రాష్ట్ర జంతువు. దాన్ని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, 2022 సవరణ తరువాత కనీసం 25,000 రూపాయల జరిమానా. మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ముప్పు తెస్తేనో, కోలుకోలేనంత గాయపడితేనో, జబ్బు పడితేనో తప్ప చంపడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు కూడా అనుమతి ఇవ్వలేడు, పంట నష్టం అందుకు కారణం కాదు. తూటాల తయారీ సంగతి చూస్తే, 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారు చేయడమే నేరం. అదే చట్టంలో పంట కాపలా కోసం మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే అవకాశం ప్రత్యేకంగా పేర్కొన్నారు, రివాల్వర్‌ను పేర్కొనలేదు. చట్టం రాసినవారికి రైతు గోడు తెలియక కాదు, పొట్టి గొట్టం ఆయుధాన్ని చొక్కా కింద దాచుకోవచ్చని తెలిసే ఆ తేడా చూపారని నా అభిప్రాయం. రివాల్వర్ చేతికి వస్తే అది ముందుగా జింకవైపే తిరుగుతుందని నమ్మడానికి మన సీమ చరిత్ర కూడా ఒప్పుకోదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో జమ చేయించే జిల్లాలు మనవి.

అలాగని రైతు చేతులు ముడుచుకుని కూర్చోవాలని నేను అనడం లేదు. ఓపిక నశించి కొందరు కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలిస్తున్నారు. అది జింకకన్నా ముందు పక్క చేను రైతును, రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన సొంత కొడుకును బలిగొంటుంది. సోలార్ కంచె అలా కాదు. అందులోని యంత్రం సెకనుకోసారి, రెప్పపాటులో వందో వంతు సేపు మాత్రమే దెబ్బ కొట్టి వదిలేస్తుంది. ఓల్టేజి ఎక్కువైనా శక్తి తక్కువ కాబట్టి ఝాడించి వెనక్కి నెడుతుంది, ప్రాణం తీయదు. అయితే ఒక్క రైతు తన నాలుగెకరాలకు కట్టుకుంటే మంద పక్క చేలోకి తిరుగుతుంది, ఆ పక్కవాడు ఊరుకోడు. కంచె ఊరి మొత్తం పొలిమేరకు కట్టాలి, కలుపు మొక్కలు కంచె తీగకు తగిలి కరెంటు నేలకు దిగిపోకుండా కాపాడేందుకు ఒక మనిషిని పెట్టుకోవాలి. ఈ రెండో ఖర్చును పథకాలు రాసేవారు ఎప్పుడూ మరిచిపోతారు.

మందలు మరీ పెరిగిన చోట పట్టి తరలించడం తప్ప వేరే దారి కనిపించదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని శాజాపూర్ జిల్లాలో దక్షిణాఫ్రికా పద్ధతిలో గరాటు ఆకారంలో పరదాలు కట్టి, హెలికాప్టర్‌తో మందను మెల్లగా అందులోకి తోలి, రైతుల చేలల్లో పడుతున్న కృష్ణ జింకలను వందల సంఖ్యలో పట్టి అభయారణ్యాలకు తరలించారు. అక్కడా కారణం పంట నష్టమే. చదును నేల, చెట్లు తక్కువ, పెద్ద మందలు అన్నవి మన ఉరవకొండ, ఆలూరు ప్రాంతాలకూ సరిగ్గా వర్తిస్తాయి. తరలించి ఎక్కడ వదలాలన్నది తేల్చాల్సిన ప్రశ్న. 1988లో ఏర్పడి ఇప్పుడు నంద్యాల జిల్లా పరిధిలోకి వచ్చిన రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసం పుట్టి, చివరికి జింకల మేతమైదానంగా మిగిలింది. చుట్టుపక్కల రైతులు ఆ జింకలతోనే విసిగిపోయి ఉన్నారు కాబట్టి మళ్లీ అక్కడికే పంపడం న్యాయం కాదు.

కాబట్టి అనంతపురం, కర్నూలు జిల్లాల కలెక్టర్లకు, అటవీ శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నేను చేసే విన్నపం ఒక్కటే. ఏ మండలంలో ఎన్ని మందలున్నాయో లెక్క తీసి, రాబోయే ఖరీఫ్ విత్తనం పడేలోపు శాజాపూర్ తరహా తరలింపు ఇక్కడ సాధ్యమా కాదా అన్నది తేల్చి రైతులకు చెప్పాలి. పంట నష్టం దరఖాస్తు ఎవరికివ్వాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఏయే కాగితాలు జత చేయాలి అన్న వివరాలను ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో అతికించాలి. ఆ వివరాలను మీరు కూడా వ్యవసాయం పేజీలో ఒకసారి ప్రచురిస్తే, రివాల్వర్ కోసం కలెక్టరేటు మెట్లెక్కాలనుకుంటున్న ఆ సోదరుడికి ముందుగా ఏ కౌంటరు దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది.

ఇట్లు,
విశ్రాంత హవల్దార్ (ఆర్మరర్),
ఉరవకొండ, అనంతపురం జిల్లా.